దవడ కింద రాయి: గ్రంథి తీసేయాలా, రాయి ఒక్కటీ తీస్తే చాలా?

ఈసారి ఉత్తరం రాసినావిడకు 41 ఏళ్లు. బళ్లో సైన్సు పాఠాలు చెబుతారు. రెండేళ్లుగా ఒకటే బాధ. తినడానికి కూర్చుని నాలుగు ముద్దలు నోట్లో పెట్టుకునేసరికి ఎడమ దవడ కింద బిగుసుకుపోయి గడ్డలా ఉబ్బుతుంది. గంటా రెండు గంటల్లో దానంతటదే దిగిపోతుంది. మొదట్లో పంటి పోటనుకుని ఆ పక్క పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నారు. ఉబ్బు పోలేదు. ఈ ఏడాదిలో రెండుసార్లు జ్వరం వచ్చి, నాలుక కింద నుంచి ఉప్పగా చీము కారింది. రెండోసారి వచ్చింది ఈమధ్యే. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయి పది రోజులైంది. అల్ట్రాసౌండ్ తీస్తే, ఎడమ దవడ కింది లాలాజల గ్రంథిలోంచి నాళం బయటికొచ్చే చోట 7 మిల్లీమీటర్ల రాయి ఉందని తేలింది.

చిక్కంతా ఆ తర్వాత మొదలైంది. మొదట చూసిన సర్జన్ గ్రంథి తీసేద్దామన్నారు, మెడ మీద కోత పెట్టి. రెండో చోట అసలు కోతే అక్కర్లేదన్నారు, నోట్లోంచి సన్నని కెమెరా పంపి రాయి లాగేస్తామన్నారు. ఆవిడ భర్త మొదటిదానికే మొగ్గు చూపుతున్నారు: "ఒక్కసారిగా పీడ వదిలిపోతుంది కదా." అక్కేమో రోజూ నిమ్మరసం చప్పరిస్తే రాయి కరిగిపోతుందని పట్టుబడుతోంది. మూడు వారాల్లో బడికి సెలవులు. ఏం చేయించుకున్నా అప్పుడే అయిపోవాలని ఆవిడ తొందర. దాని వెనక అసలు భయం వేరే ఉంది. "పెదవి వంకరపోయినా, నాలుక మొద్దుబారినా నేను పాఠం ఎలా చెప్పను? అంత సన్నని దారిలోకి పరికరం ఎలా వెళుతుంది? లోపలే ఇరుక్కుపోతే? ఇప్పటికే నలుగురి ముందు తినడం మానేశాను" అని రాశారు.

అమ్మా, మీకు ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పలేదు. అలాగని ఇద్దరూ పూర్తిగానూ చెప్పలేదు. మీ రాయి పెరిగిన సైజూ, కూర్చున్న చోటూ రెండూ నడిమధ్య రకం. చిన్న రాయైతే కెమెరాతో తీసేయడమే మేలని ఎవరైనా అంటారు. గ్రంథి లోపల నాలుగైదు రాళ్లు చెదిరి ఉంటే తీసేయమనడంలోనూ ఎవరూ పెద్దగా విభేదించరు. నాళం మొదట్లో ఒక్కటే 7 మిల్లీమీటర్ల రాయి అంటే మాత్రం, చూసే డాక్టరు ఏ పద్ధతిలో చేయి తిరిగినవారో దాన్నిబట్టే సలహా మారిపోతుంది. మీరు విన్న రెండు మాటలకూ మధ్యలో మూడో దారి ఒకటుంది. దాని గురించి మీకెవరూ చెప్పినట్టు ఉత్తరంలో కనబడలేదు. దాని దగ్గరికి వస్తాను.

ముందు రాయి అక్కడే ఎందుకు పుట్టిందో చూద్దాం. మనకు పెద్ద లాలాజల గ్రంథులు మూడు జతలు: చెవి ముందు ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత. రాళ్లు వచ్చినవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా దవడ కింది గ్రంథిలోనే వస్తాయి. అక్కడి లాలాజలం చిక్కన, అందులో కాల్షియం పాలు ఎక్కువ, క్షార గుణమూ ఎక్కువ. పైగా గ్రంథి కింద, నాళం నోరు పైన. అంటే లాలాజలం ఎదురెక్కాలి. దాదాపు 5 సెంటీమీటర్ల పొడవుండే ఆ నాళం నోటి అడుగున ఉన్న కండరం వెనక అంచును చుట్టుకుని, మలుపు తిరిగి, ముందుకు సాగి నాలుక కింది తీగ పక్కన చిన్న బొడిపెలో తెరుచుకుంటుంది. మీ రిపోర్టులో 'వార్టన్స్ డక్ట్' అని రాసి ఉంటే ఇదే. దాన్ని 1656లో వర్ణించిన ఇంగ్లిష్ వైద్యుడు థామస్ వార్టన్ పేరు మీద అలా పిలుస్తారు. ఆ మలుపు దగ్గర లాలాజలం కాస్త నిలవ ఉంటుంది. నిలవ ఉన్నచోట కాల్షియం ఫాస్ఫేట్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. మీ రాయి ఉన్నది సరిగ్గా అక్కడే.

తిన్నప్పుడే ఎందుకు ఉబ్బుతుందో ఇక మీకు తట్టే ఉంటుంది. నోట్లో ముద్ద పడగానే గ్రంథి లాలాజలం ఊరిస్తుంది. దారిలో రాయి అడ్డం. వెనక ఒత్తిడి పెరుగుతుంది. రాయి అంచుల పక్కనుంచి కొద్దికొద్దిగా జారిపోయేదాకా ఆ బిగువు వదలదు. మీ పన్ను ఏ పాపం చేయలేదన్నమాట. తినేటప్పుడే వచ్చి, తిన్నాక దిగిపోయే ఉబ్బును చాలాసార్లు పంటికే అంటగడతారు. నాలుక కిందికి వేలు పోనిచ్చి తడిమి చూసేవాళ్లు తక్కువ.

మీ అక్కగారి మాట సగం నిజం. పులుపు తగిలితే లాలాజలం ఎక్కువ ఊరుతుంది, ఆ ప్రవాహానికి నాళం చివర్లో ఉన్న చిన్న చిన్న రాళ్లు ఒక్కోసారి తోసుకుని బయటపడతాయి కూడా. కానీ నిమ్మరసం రాయిని కరిగించదు. అది నోట్లో పడుతుంది తప్ప నాళంలోకి ఎక్కదు. 7 మిల్లీమీటర్ల రాయి గట్టిగా కూర్చుని ఉన్నప్పుడు పులుపు మీద పులుపు చప్పరిస్తే వెనక ఒత్తిడే పెరుగుతుంది, నొప్పి ఎక్కువవుతుంది. చీము పట్టి ఉన్న రోజుల్లో అయితే ఆ మాటే వద్దు. కాల్షియం ఉన్న ఆహారం మానేస్తే రాయి పెరగదనుకోవడం కూడా సరికాదు. ఈ రాళ్లు మీరు తినే కాల్షియం వల్ల వచ్చినవి కావు.

ఇక మీ ప్రశ్న: అంత సన్నని దారిలోకి పరికరం ఎలా వెళుతుంది? దీన్ని తీరిగ్గా చెబుతాను. ఎందుకంటే ఈ పద్ధతి పండటమూ బెడిసికొట్టడమూ చాలావరకు ఆ గుమ్మం దగ్గరే తేలిపోతుంది.

ఆ ఆపరేషన్‌ను సయాలెండోస్కోపీ అంటారు. కొన్నిసార్లు ఆ చోటుకు మాత్రమే మత్తు ఇచ్చి, కొన్నిసార్లు పూర్తి మత్తులో చేస్తారు. నాళం లోపలి వెడల్పు మామూలుగా మిల్లీమీటరున్నర దాకా ఉంటుంది కానీ, నోట్లోకి తెరుచుకునే రంధ్రం అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. ఒట్టి కంటికి అది కనబడదు. సర్జన్ భూతద్దాలు పెట్టుకుని, లేదా మైక్రోస్కోప్ కింద, దవడ కింద గ్రంథిని మెల్లగా నొక్కుతారు. బొడిపె కొసన ఒక బొట్టు మెరుస్తుంది. ఆ బొట్టు వచ్చిన చోటే గుమ్మం. బొట్టు రాకపోతే పైన నీలం రంగు మందు రాసి చూస్తారు. రంధ్రం ఉన్నచోట లాలాజలం రంగును కడిగేస్తుంది. అప్పుడు అతి సన్నని మొద్దుకొన సలాకతో మొదలుపెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా కొంచెం లావు సలాకలు పోనిస్తూ ద్వారాన్ని వెడల్పు చేస్తారు. బలం ఉపయోగించారా, సలాక గోడను చీల్చుకుని పక్క కండలోకి వెళ్లిపోతుంది. ఒకసారి అలా దొంగదారి పడితే, ఆ రోజుకు అసలు దారి దొరకడం గగనమే. అందుకే చాలామంది ముందు ఒక సన్నని తీగను నాళంలోకి జారవిడిచి, దాని మీదుగా వెడల్పు చేసే గొట్టాన్ని నడిపిస్తారు. అప్పటికీ తెరుచుకోకపోతే బొడిపె దగ్గర చిన్న గాటు పెట్టి, నాళం గోడ కనబడ్డాక అక్కడి నుంచి లోపలికి వెళతారు.

ఆ తర్వాత కెమెరా గొట్టం. ఎండోస్కోప్‌ల మందం 0.8 నుంచి 1.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంటే బాల్‌పెన్ రీఫిల్ కంటే సన్నం. అంత సన్నని గొట్టంలోనే వెలుతురూ, కెమెరా తంతులూ, నీళ్లు పోయే దారీ, పరికరం పోయే దారీ ఇమిడి ఉంటాయి. సెలైన్ నీళ్లు ఆగకుండా ఎక్కిస్తూ ఉంటారు. లేకపోతే నాళం గోడలు ఒకదానికొకటి అతుక్కుని ఏమీ కనబడదు. నీటి ఒత్తిడికి గోడలు విచ్చుకుంటాయి, తెర మీద నునుపైన లేత గులాబీ సొరంగం, దాని గోడల మీద సన్నని రక్తనాళాల గీతలు కనబడతాయి. మలుపు తిరిగాక పసుపుపచ్చగా రాయి. సన్నని తీగలతో అల్లిన బుట్టను మూసి ఉంచి రాయి పక్కనుంచి అవతలికి పోనిచ్చి, అక్కడ విప్పి, రాయిని అందులోకి పట్టి మెల్లగా బయటికి లాగుతారు.

చదవడానికి ఇంత బాగున్న పని మీ రాయి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడుతుందో చూడండి. దారి మిల్లీమీటరున్నర, కాస్త సాగితే మరికొంత. రాయి 7. బుట్టలో పట్టినా దాన్ని నాళం పొడవునా లాక్కురావడం కుదరదు. దవడ కింది గ్రంథిలో అయితే దాదాపు 4 మిల్లీమీటర్ల దాకా, చెవి ముందు గ్రంథిలో 3 దాకా, అదీ అటూ ఇటూ కదిలే రాళ్లను మాత్రమే నేరుగా బుట్టతో తీయవచ్చన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. అంతకు మించిన దాన్ని మొండిగా లాగితే మీరు భయపడ్డదే జరగవచ్చు: రాయిని పట్టిన బుట్ట ముందుకూ రాదు, రాయిని వదలనూ వదలదు. అప్పుడు నోట్లో కోత పెట్టి విడిపించాల్సి వస్తుంది. కాబట్టి "కోతే అక్కర్లేదు" అన్న రెండో డాక్టరు గారిని ఒక్క మాట తప్పకుండా అడగండి: 7 మిల్లీమీటర్ల రాయిని ఎలా బయటికి తెస్తారు, పగలగొట్టా, బుట్టతోనా?

పగలగొట్టడం ఒక పద్ధతే. ఎండోస్కోప్‌లోంచే సన్నని లేజర్ తీగ పంపి గానీ, గాలి ఒత్తిడితో కొట్టే చిన్న పరికరంతో గానీ రాయిని ముక్కలు చేసి, ముక్కల్ని ఏరి తీస్తారు. బయటి నుంచి షాక్ తరంగాలతో కొట్టే విధానమూ ఉంది, అది దొరికే కేంద్రాలు తక్కువ. పైగా దవడ కింది రాళ్ల కంటే చెవి ముందు గ్రంథి రాళ్లకే అది బాగా పనిచేస్తుంది. పగలగొట్టడంలో లాభం, ఎక్కడా కోత ఉండదు. నష్టాలు: చాలా సమయం పడుతుంది, ఒక్కసారితో కాకపోవచ్చు, చిన్న ముక్క మిగిలినా దాని చుట్టూ మళ్లీ రాయి పెరగవచ్చు, లేజర్ వేడి గోడకు తగిలితే ఆ చోట నాళం తర్వాత ముడుచుకుపోవచ్చు. చేయి తిరిగిన వాళ్ల దగ్గర ఇది మంచి దారే. అప్పుడప్పుడు మాత్రమే చేసేవాళ్ల దగ్గర ఈ సైజు రాయికి దీన్ని ఎంచుకోమని మీకు చెప్పలేను.

నేను చెబుతానన్న మూడో దారి, రెండూ కలిపి చేసేది. లోపలి నుంచి ఎండోస్కోప్ రాయి దాకా వెళ్లి వెలుగుతో అది ఎక్కడుందో చూపిస్తుంది. పైనుంచి సర్జన్ నోటి అడుగున, నాలుక పక్కన కోత పెట్టి, నాళాన్నీ, నాలుకకు స్పర్శనిచ్చే నరాన్నీ విడదీసి కళ్లారా చూసి, నరాన్ని పక్కకు జరిపి, రాయి మీద నాళాన్ని తెరిచి రాయిని తీసేస్తారు. తర్వాత అదే కోతలోంచి ఎండోస్కోప్ మళ్లీ లోపలికి పోనిచ్చి ఇంకేమైనా ముక్కలు మిగిలాయేమో చూసి కడుగుతారు. గ్రంథి ఎక్కడిదక్కడే ఉంటుంది, మెడ మీద మచ్చ పడదు. ఒకే రాయి, నాళం మొదట్లోనే ఉండి, వేలికి తగులుతుంటే, ముందుగా ఆలోచించాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

'వేలికి తగులుతుంటే' అన్న మాట మీద ఆగాలి. ఇద్దరు డాక్టర్లలో ఎవరైనా ఒక చేతి వేలు మీ నోట్లో నాలుక పక్కన పెట్టి, రెండో చేత్తో దవడ కింద నుంచి పైకి ఎత్తుతూ రాయిని తడిమి చూశారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. అర నిమిషం పని. రాయి చేతికి తగిలితే నోట్లోంచి తీయడం చాలావరకు సాధ్యమే. తగలకపోతే అది గ్రంథి కండ లోపల లోతుగా ఉందేమోనని అనుమానించాలి, అప్పుడు లెక్క మారుతుంది. దీంతోపాటు కాంట్రాస్ట్ మందు లేకుండా పల్చటి ముక్కలుగా తీసే సీటీ స్కాన్ ఒకటి అవసరం. అల్ట్రాసౌండ్ మంచి పరీక్షే గానీ 2, 3 మిల్లీమీటర్ల కంటే చిన్న రాళ్లను వదిలేయగలదు. పెద్ద రాయి వెనక పిల్ల రాళ్లు దాగి ఉంటే అవి సీటీలోనే బయటపడే అవకాశం ఎక్కువ. ఒక రాయే కదా అని తీయించుకుని, ఆర్నెల్లకు మళ్లీ ఉబ్బితే ఆ నిరాశ మాటల్లో చెప్పలేనిది.

ఇక గ్రంథి తీసేయడం. మీ వారి మాటను నేను కొట్టిపారేయను. రెండేళ్లు మీ బాధ కళ్లారా చూసిన మనిషి ఒకేసారి తేలిపోవాలనుకోవడంలో తప్పేముంది? నిజంగానే కొన్ని పరిస్థితుల్లో అదే సరైన పని. గ్రంథి లోపల చాలా రాళ్లున్నా, మాటిమాటికీ చీము పట్టి గ్రంథి గట్టిపడిపోయినా, మిగతా పద్ధతులు చేసి విఫలమైనా, రాయితో పాటు అనుమానించదగ్గ గడ్డ ఉన్నా, తీసేయడమే దారి. ఒక గ్రంథి పోయినంత మాత్రాన సాధారణంగా నోరు ఎండిపోదు, మిగతావి సర్దుకుంటాయి. పొందే లాభం కూడా స్పష్టం: ఆ గ్రంథిలో ఇక రాయి పుట్టదు.

దానికి మీరు చెల్లించే మూల్యం మెడ మీద మచ్చ ఒక్కటే కాదు. కింది పెదవిని కిందికి లాగే నరం సరిగ్గా ఆ దారిలోనే దవడ అంచు దగ్గర పోతుంది. అందుకే కోతను దవడ అంచుకు 3, 4 సెంటీమీటర్లు దిగువగా పెడతారు. అయినా కొందరికి పెదవి ఒక పక్క బలహీనపడుతుంది. చాలామందికి వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది. కొద్దిమందికి రాదు. నాలుకను కదిలించే నరం దెబ్బతినడం అరుదు. నోట్లోంచి చేసే ఆపరేషన్‌లో పెదవి నరం దారికే వెళ్లరు కాబట్టి ఆ భయం మీకు అక్కర్లేదు. అక్కడ జాగ్రత్త పడాల్సింది నాలుక స్పర్శ నరం విషయంలో. అది నాళం కిందుగా దాన్ని దాటుకుంటూ పోతుంది, మీ రాయి దానికి దగ్గర్లోనే ఉంది. కొన్నాళ్లు నాలుక ఒక పక్క తిమ్మిరిగా ఉండవచ్చు. పాఠం సంగతి అడిగారు గనక చెబుతున్నాను: ఈ నరం స్పర్శకూ రుచికీ సంబంధించింది. నాలుక కదలిక వేరే నరం పని. తిమ్మిరి ఉన్న రోజుల్లో మాట కాస్త బరువుగా అనిపించినా నాలుక తిరగకుండా పోదు.

మొదటి డాక్టరు గారు ఈ మధ్య దారి ఎందుకు చెప్పలేదనే సందేహం మీకు రావచ్చు. నాళం మొదట్లో ఉన్న రాయికి గ్రంథి తీసేయడమే చాలాకాలం నడిచిన పద్ధతి. లాలాజల నాళాల్లోకి ఎండోస్కోప్ పంపడం 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ కాట్జ్ వంటి వారితో మొదలైంది. ఆ తర్వాత ఇజ్రాయెల్‌లో ఓడెడ్ నహ్లియెలీ, జెనీవాలో ఫ్రాన్సిస్ మార్షల్ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. ఆ పరికరాలు సున్నితమైనవి, ఖరీదైనవి, చేయి కుదరడానికి చాలా కాలం పడుతుంది. అన్ని ఆసుపత్రుల్లో ఉండవు. తన దగ్గర లేనిదాన్ని డాక్టరు చెప్పకపోవడం సహజమే కానీ, రోగికి తెలిసి ఉండాల్సిన హక్కు మాత్రం పోదు. గ్రంథి తీసేయమన్న ప్రతిచోటా "దీన్ని ఉంచి రాయి ఒక్కటీ తీసే వీలుందా? మీ దగ్గర కాకపోతే ఇంకెక్కడ?" అని అడగడం అవమానించడం కాదు.

ఎంతవరకు ఫలిస్తుందంటారా? 2009లో 'లారింగోస్కోప్' వైద్య పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో 4,691 మంది రోగుల వివరాలున్నాయి. షాక్ తరంగాలు, ఎండోస్కోపీ, నోట్లోంచి చిన్న కోత, అవసరాన్నిబట్టి ఇవన్నీ వాడితే నూటికి 80 మందికి రాళ్లు పూర్తిగా పోయాయి. మరో 17 మందికి కొంత మిగిలింది. గ్రంథి తీసేయాల్సి వచ్చింది నూటికి ముగ్గురికే. అయితే దీన్ని చదివేటప్పుడు రెండు సంగతులు మరవకండి. ఇది ఒక్క కెమెరా చేసిన పని కాదు, అన్ని పద్ధతులూ కలిసి సాధించింది. రెండోది, అవన్నీ ఇదే పనిలో ఏళ్ల తరబడి మునిగి ఉన్న కేంద్రాలు. రోగంతో చెడిపోయిన గ్రంథిని ఉంచి ఏం లాభమనే వాదన కూడా మీకు వినబడుతుంది. రాయి తీసేశాక చాలా గ్రంథులు మళ్లీ లాలాజలం ఊరించడం పరీక్షల్లో తేలింది. రెండుసార్లు చీము పట్టినంత మాత్రాన మీ గ్రంథి పని అయిపోయిందని ఇప్పుడే తీర్మానించనక్కర్లేదు.

సెలవుల సంగతి. మీ తొందర నాకర్థమవుతోంది, కానీ ఇక్కడ గట్టిగా చెప్పాలి. చీము పట్టి తగ్గిన కొత్తలో నాళం గోడ వాచి, మెత్తబడి, తాకితే రక్తం కారేలా ఉంటుంది. సలాక గోడను చీల్చే ప్రమాదం అప్పుడే ఎక్కువ. అందుకే ఇన్ఫెక్షన్ పూర్తిగా చల్లారేదాకా కొన్ని వారాలు ఆగుతారు. మీకు రెండు వీలున్నాయి. సెలవుల మొదట్లో సీటీ చేయించి, మూడో దారి చేసే చోట చూపించుకుని, వాపు పూర్తిగా తగ్గిందని వారికి నమ్మకం కలిగితే సెలవుల చివర్లో చేయించుకోవచ్చు. అలా చేస్తే బడి తెరిచేసరికి నోరు ఇంకా నొప్పిగా ఉండవచ్చని ముందే సిద్ధపడాలి. ఎండోస్కోపీ ఒక్కటే అయితే, ఎక్కించిన సెలైన్ వల్ల గ్రంథి ఒకటి రెండు రోజులు ఉబ్బి దిగిపోతుంది, త్వరగానే పనిలోకి వెళ్లవచ్చు. నోటి అడుగున కోత పడితే గంటల తరబడి మాట్లాడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. లేదా ఈ సెలవుల్ని పరీక్షలకూ, డాక్టర్లను కలవడానికీ వాడుకుని, ఆపరేషన్‌ను తర్వాతి సెలవులకు పెట్టుకోవచ్చు. దీంట్లో ప్రమాదం, ఆ మధ్యలో మళ్లీ చీము పట్టడం. ఏడాదిలో రెండుసార్లు వచ్చింది గనక అది కొట్టిపారేయదగ్గది కాదు. నా మొగ్గు మొదటిదానికే, కానీ తేదీ నిర్ణయించాల్సింది మీ నాళం స్థితి, బడి క్యాలెండర్ కాదు. ఏమీ చేయకుండా ఊరుకోవడమూ మీ చేతిలో ఉన్నదే. కానీ రాయి దానంతటదే చిన్నదైపోదు, ప్రతి ఇన్ఫెక్షనూ గ్రంథిని ఇంకొంచెం దెబ్బతీస్తుంది.

ఈసారి డాక్టరు దగ్గరికి మీ వారిని కూడా తీసుకెళ్లండి. ఇంట్లో మీరు వివరించడం కంటే తెర మీద సీటీ బొమ్మ చూస్తూ ఆయనే అడగడం మేలు. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే అంగీకార పత్రాన్ని ఇద్దరూ నిదానంగా చదవండి. "అవసరమైతే గ్రంథి తొలగింపు" అని అందులో ఒక ముక్క ఉండవచ్చు. ఉంటే తప్పు లేదు, కానీ అది మీకు తెలిసి ఉండాలి. రాయి దొరకకపోతే అదే మత్తులో గ్రంథి తీసేయడానికి ఒప్పుకుంటే మళ్లీ మత్తు తీసుకునే బాధ తప్పుతుంది. వద్దు, మెలకువ వచ్చాక ఆలోచించుకుంటానంటే ఇంకోసారి ఆపరేషన్ గదికి వెళ్లాల్సి రావచ్చు. రెండిట్లో ఏది మీకు సమ్మతమో మత్తు ఎక్కకముందే సర్జన్‌కు చెప్పండి, పత్రం మీద రాయించండి.

నలుగురిలో తినడం మానేశానన్నారు. మీ ఉబ్బు ఎవరికీ అంటుకునేది కాదు, చూసేవాళ్లకు అదేమిటో ఒక్క వాక్యంలో చెప్పేయండి: "గ్రంథిలో రాయి ఉంది, తీయించుకోబోతున్నాను." రెండేళ్లుగా దాచుకున్న బరువు సగం అక్కడే దిగుతుంది. ఆపరేషన్ దాకా నీళ్లు బాగా తాగుతూ ఉండండి. దవడ కింద వేళ్లతో వెనక నుంచి ముందుకు, గడ్డం వైపు మెల్లగా నిమరండి, వెచ్చటి కాపడం పెట్టండి. నోరు శుభ్రంగా ఉంచుకోండి. ఎలర్జీకో, మరి దేనికో వాడే కొన్ని మందులు నోటిని ఎండబెడతాయి. అలాంటివేమైనా వాడుతుంటే సొంతంగా మానేయకుండా డాక్టరుకు చెప్పండి. రాయి తీశాక కూడా ఈ నిమరడం కొన్నాళ్లు చేయాల్సిందే. కొందరికి నాళం మూసుకుపోకుండా రెండు మూడు వారాలు సన్నని గొట్టం ఉంచుతారు, దాన్ని నాలుకతో కదిలించకుండా ఓర్చుకోవాలి. ఎప్పుడైనా మళ్లీ తినేటప్పుడు ఉబ్బితే కొత్త రాయే అయి ఉండక్కర్లేదు, కోత మానిన చోట నాళం ఇరుకైనా అలాగే ఉంటుంది. దాన్ని చిన్న బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు.

చెవి ముందు ఉబ్బుతోందని రాసే పాఠకులకు ఇక్కడే ఒక మాట. ఆ గ్రంథి నాళం పై దవడలో రెండో పెద్ద దంతానికి ఎదురుగా బుగ్గ లోపల తెరుచుకుంటుంది. అక్కడ రాళ్ల కంటే నాళం ఇరుకవడం ఎక్కువగా చూస్తాం, బొడిపె దగ్గర గాటు పెడితే మానేటప్పుడు మరింత ముడుచుకుంటుంది గనక దాన్ని వీలైనంతవరకు సలాకలతోనే తెరుస్తారు. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్య నుంచే పోతుంది, కాబట్టి గ్రంథి తీయడం అక్కడ ఇంకా ఆలోచించి చేయాల్సిన పని.

మీ విషయంలో మళ్లీ ఒకటి. ఈలోపు ఉబ్బు గంటల్లో దిగకుండా ఉండిపోయి జ్వరం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించుకోండి, మిగిలిపోయిన పాత మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. నాలుక కింద వాచి నాలుకను పైకి నెట్టేస్తున్నా, నోరు తెరవలేకపోయినా, మీ ఉమ్మి మీరే మింగలేకపోయినా, ఊపిరి ఆడటం కష్టంగా ఉన్నా అది రాయి సంగతి చూసుకునే సమయం కాదు. అర్ధరాత్రయినా సరే నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.